రేవు వెనుక దారి: సరిహద్దులు దాటే కారిడార్లు, మన తీరం

ఎందుకు చదవాలి?

ఎల్బీనగర్ కూడలి నుంచి హయత్‌నగర్ వైపు సాగే విజయవాడ రోడ్డు జాతీయ రహదారి 65లో భాగం. పుణెలో మొదలయ్యే ఈ రహదారి షోలాపూర్, హైదరాబాద్, సూర్యాపేట, విజయవాడ దాటి రేవు పట్టణం మచిలీపట్నంలో ముగుస్తుంది. పాత పుస్తకాల్లో దీని నంబరు 9. మీర్‌పేట, కర్మన్‌ఘాట్, దిల్‌సుఖ్‌నగర్ గదుల్లో ఉండి గ్రూప్స్‌కు, సివిల్స్‌కు చదివే వాళ్లలో చాలామంది ఓడరేవుల పాఠాన్ని పేర్ల జాబితాగా బట్టీ పట్టి వదిలేస్తారు. తెలంగాణకు సముద్రం లేదు కదా, ఆంధ్ర వాళ్లకైతే అవసరం అన్న మాట కూడా వినిపిస్తుంది. అది పొరపాటు. సముద్రం లేని ప్రాంతానికే రేవు వెనుక దారి ఎక్కువ అవసరం.

సివిల్స్ జనరల్ స్టడీస్‌లో ఇది రెండు పేపర్లకు చెందుతుంది. పొరుగు దేశాలతో సంబంధాలు రెండో పేపరులోను, మౌలిక సదుపాయాలు మూడో పేపరులోను వస్తాయి. రాష్ట్ర సర్వీసుల పరీక్షల్లో భూగోళం, ఆర్థికం, వర్తమాన అంశాలు మూడింటిలోనూ దీన్ని అడగొచ్చు. కాబట్టి ఒక్కసారి మూలం అర్థం చేసుకుంటే చాలా ప్రశ్నలకు పనికొస్తుంది.

ఆ మూలం ఒక్క మాటలో ఇది: తీరం ఎంత లోతుగా ఉన్నా, వెనుక నుంచి సరుకు తెచ్చే దారి లేకపోతే రేవు నిలవదు, ఆ దారి ఎక్కడ మొదలవ్వాలో, దాని మీద ఏ సరుకు పోవాలో నిర్ణయించే వాళ్లు ఎవరన్నదాన్ని బట్టే రేవు ఊరికి ఏం మిగులుతుందో తేలుతుంది. కింది ఉదాహరణలన్నీ ఈ కోణంలోనే చదవండి.

ముందుగా తెలియాల్సిన మాటలు

కారిడార్ అంటే ఒక్క రోడ్డు కాదు. రోడ్డు, రైలు, రేవు, కస్టమ్స్ తనిఖీ, గోదాములు, కరెంటు లైన్లు, పక్కన పరిశ్రమలు అన్నీ ఒకే వరుసలో పనిచేసే ఏర్పాటు. ఇది రెండు మూడు దేశాల మీదుగా పోతే సరిహద్దులు దాటే కారిడార్ అవుతుంది. ఒకే దేశంలో ఉన్నా డబ్బు, సరుకు కొనే ఒప్పందం విదేశాలవి అయితే దాని స్వభావం కూడా దాదాపు అంతే. విశాఖ చరిత్రలో ఈ రెండో రకమే మనకు పెద్ద పాఠం.

ఒక రేవుకు సరుకు పంపే, ఆ రేవు నుంచి సరుకు తీసుకునే లోపలి ప్రాంతాన్ని పృష్ఠభూమి అంటారు. విశాఖకు ఛత్తీస్‌గఢ్, పశ్చిమ ఒడిశా పృష్ఠభూమి. సముద్రం లేని దేశపు సరుకు పొరుగు దేశం మీదుగా, అక్కడ దిగుమతి సుంకం కట్టకుండా, సీలు వేసిన పెట్టెల్లో పోతే అది ట్రాన్సిట్. పెద్ద ఓడలో వచ్చిన కంటైనర్‌ను ఒక రేవులో దించి, చిన్న ఓడలోకి ఎక్కించి మరో రేవుకు పంపితే అది ట్రాన్స్‌షిప్‌మెంట్. పరీక్షలో ఈ చివరి రెండింటినీ కలిపేసి రాసేవాళ్లు ఎక్కువ, జాగ్రత్త. ట్రాన్సిట్‌లో దాటేది దేశాల సరిహద్దు. ట్రాన్స్‌షిప్‌మెంట్‌లో మారేది ఓడ.

గోల్కొండకు బందరు

ఈ పాఠానికి మన దగ్గరున్న పాత ఉదాహరణ కుతుబ్‌షాహీల కాలానిది. గోల్కొండ కోట సముద్రానికి సుమారు 350 కిలోమీటర్ల దూరం. దాని రేవు మచిలీపట్నం, అంటే బందరు. కలంకారీ వస్త్రాలు, వజ్రాలు, ఇనుము అక్కడి నుంచి పర్షియాకు, బర్మాకు, ఆగ్నేయాసియా దీవులకు వెళ్లేవి. ఇంగ్లిషు ఈస్టిండియా కంపెనీ 1611లో అక్కడ వర్తక స్థావరం పెట్టుకున్నది ఆ సరుకు కోసమే. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే ఈ దారిన ప్రయాణించి, తన అనుభవాన్ని రాసిపెట్టాడు.

ఆ దారికి ఇప్పటికీ కంటికి కనిపించే గుర్తు హయత్‌నగర్‌లో ఉంది. కుతుబ్‌షాహీ రాణి హయాత్ బక్షీ బేగం పేరుతో ఉన్న మసీదు చుట్టూ వర్తకులు, బాటసారులు దిగడానికి కట్టిన సరాయి గదుల వరుస చూడొచ్చు. పక్కన హాతీ బావి. రాజధానికి ఒక మజిలీ ముందు జనానికి గదులు, పశువులకు నీళ్లు. ఇప్పుడు మనం లాజిస్టిక్స్ పార్కు అంటున్నది ఆ రోజుల్లో అదే పని చేసింది. ఎల్బీనగర్ ప్రాంతంలో ఉండేవాళ్లు తీరిక చూసుకుని ఒకసారి వెళ్లి చూడండి. పుస్తకంలోని వాక్యం కంటే బాగా గుర్తుంటుంది.

మచిలీపట్నం ఎందుకు తగ్గిపోయింది? మూడు కారణాలు కలిశాయి. కృష్ణా డెల్టా ఒండ్రు వల్ల తీరం దగ్గర లోతు తక్కువ. ఓడలు దూరంగా లంగరు వేస్తే మసూలా పడవల్లో సరుకు మోసేవారు. ఓడలు పెద్దవయ్యేకొద్దీ ఈ పద్ధతి గిట్టుబాటు కాలేదు. రెండోది 1864 నవంబరు 1 నాటి తుపాను. ఉప్పెనకు ఊరు మునిగి, వేల ప్రాణాలు పోయాయి. అన్నిటికన్నా ముఖ్యమైనది మూడోది: లోపలి ప్రాంతాల సరుకు రైలెక్కి మద్రాసు, బొంబాయి రేవుల వైపు మళ్లింది. రాజధాని బలం తగ్గి, దారి మళ్లాక రేవుకు పని లేకుండా పోయింది.

జపాన్ ఉక్కు, బైలదిల ఖనిజం, విశాఖ లోతు

విశాఖ కథను కాస్త నిదానంగా చదవాలి. ఎందుకంటే కారిడార్ ముందు వచ్చి, దానికి తగ్గట్టు రేవు మారిన ఘట్టాలు ఇక్కడ రెండున్నాయి.

మొదటిది బ్రిటిషు కాలంలో. మధ్య పరగణాల మాంగనీసు ఖనిజాన్ని దగ్గరి దారిలో సముద్రానికి చేర్చాలని బెంగాల్ నాగపూర్ రైల్వే పూనుకుంది. పార్వతీపురం నుంచి రాయపూర్ లైను 1931కి పూర్తయింది. మేఘాద్రి గెడ్డ సముద్రంలో కలిసే చోట, డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున ఉన్న ఉప్పుటేరు బురద నేలను తవ్వి లోపలి హార్బర్ చేశారు. అలల ఉధృతి నుంచి ప్రవేశమార్గాన్ని కాపాడేందుకు రెండు పాత ఓడల్నే ముంచి అడ్డుకట్టగా వేశారు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ మొట్టమొదట లోపలికొచ్చింది. ప్రారంభోత్సవం అదే ఏడాది డిసెంబరులో వైస్రాయ్ విల్లింగ్‌డన్ చేతుల మీదుగా జరిగింది. చూడండి, రైలు 1931, రేవు 1933. ఆ వరుస యాదృచ్ఛికం కాదు.

రెండోది స్వాతంత్ర్యం తర్వాత. యుద్ధానంతరం జపాన్ ఉక్కు కర్మాగారాలకు మంచి రకం ఇనుప ఖనిజం కావాలి. బస్తర్ అడవుల్లోని బైలదిల కొండల్లో అది ఉంది. కానీ సముద్రానికి తేవడానికి తూర్పు కనుమలు అడ్డం. 1960లో జపాన్‌తో కుదిరిన ఒప్పందంతో దండకారణ్య, బోలంగీర్, కిరిబురు రైల్వే పథకం మొదలైంది. పరీక్షల్లో డీబీకే అని వచ్చేది ఇదే. అందులో మన వైపు భాగం కొత్తవలస, కిరండూల్ లైను. పొడవు సుమారు 445 కిలోమీటర్లు, సొరంగాలు యాభైకి పైగా. సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తులో ఉన్న శిమిలిగూడ స్టేషను ఈ లైను మీదే. అరకు చూడ్డానికి వెళ్లేవాళ్లు కిటికీలోంచి ఫొటోలు తీసుకునే ఆ సొరంగాలను తవ్వింది పర్యాటకుల కోసం కాదు, జపాన్ కొలిమిల కోసం. లైను 1960ల చివరికి సిద్ధమైంది. జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ బైలదిలలో 1968లో తవ్వకం ప్రారంభించింది.

ఇక రేవు వంతు వచ్చింది. దూరం ఎక్కువైనప్పుడు టన్నుకు పడే ఖర్చు తగ్గాలంటే ఓడ పెద్దదిగా ఉండాలి. లోపలి హార్బర్ ప్రవేశమార్గం ఇరుకు, మలుపు ఎక్కువ, లోతు తక్కువ. లక్ష టన్నుల ఓడ అందులో తిరగలేదు. అందుకే సముద్రంలోకి అడ్డుగోడలు కట్టి బయటి హార్బర్ నిర్మించారు. ఖనిజం బెర్తు 1976లో పనిలోకి వచ్చింది. అంటే ఎక్కడో ఉన్న కర్మాగారం కొనుగోలు ఒప్పందం అడవిలో రైలు దారిని, ఆ దారి మళ్లీ తీరంలో నీటి లోతును నిర్ణయించాయి.

స్థానికులకు ఏం దక్కింది అన్న ప్రశ్న ఇక్కడ తప్పక వేయాలి. ఖనిజం ముడి రూపంలోనే ఎగుమతైనంత కాలం బైలదిలకు గని పనులు, విశాఖకు ఎగుమతి, దిగుమతి కూలి తప్ప పెద్దగా మిగల్లేదు. విలువ పెరిగింది ఆ ఖనిజాన్ని ఇక్కడే కరిగించడం మొదలైనప్పుడు. విశాఖ ఉక్కు కర్మాగారానికి 1971లో శంకుస్థాపన జరిగింది, 1992లో జాతికి అంకితమైంది. అదే బైలదిల ఖనిజం, అదే రైలు. కాని ఈసారి ఊళ్లో వేల కుటుంబాలకు జీతాలు, చుట్టూ చిన్న పరిశ్రమలు, ఒక కొత్త పట్టణం. తర్వాత కిరండూల్ నుంచి విశాఖకు 267 కిలోమీటర్ల గొట్టపు మార్గం కూడా వచ్చింది. ఖనిజపు పొడిని నీళ్లలో కలిపి పంపి, విశాఖలో పెల్లెట్లు చేస్తారు. మెయిన్స్ జవాబులో కారిడార్ ప్రభావం అని రాసేటప్పుడు, సరుకు ఊరి మీదుగా దాటిపోవడానికీ, ఊళ్లో ఆగి విలువ పెంచుకోవడానికీ ఉన్న తేడాను ఈ ఒక్క ఉదాహరణతో చూపించవచ్చు. నా ఉద్దేశంలో దీనికి మించిన తెలుగు ఉదాహరణ లేదు.

నేపాల్ సరుకు విశాఖకు ఎందుకు వచ్చింది?

నేపాల్‌కు సముద్రం లేదు. దశాబ్దాలుగా సముద్రం మీదుగా సాగే దాని సరుకు దాదాపు అంతా కోల్‌కతా, హల్దియా మీదుగానే వెళ్లింది. 2015 సెప్టెంబరులో కొత్త రాజ్యాంగం విషయంలో తరాయి ప్రాంతంలో ఆందోళన రేగి, సరిహద్దు దాదాపు ఐదు నెలలు స్తంభించింది. ఇంధనం, మందులు కరవయ్యాయి. ఆ అనుభవం తర్వాత నేపాల్ రెండు వైపులా దారులు వెతికింది. 2016 ఫిబ్రవరిలో భారత్‌తో లేఖలు మార్చుకుని విశాఖ రేవును రెండో ద్వారంగా పొందింది. మరుసటి నెలలోనే చైనాతో రవాణా ఒప్పందం చేసుకుంది. 2019 ప్రోటోకాల్ ప్రకారం తియాన్‌జిన్, షెన్‌జెన్, లియన్‌యుంగాంగ్, ఝాన్‌జియాంగ్ అనే నాలుగు రేవులను వాడుకునే హక్కు దానికి ఉంది. అవి మూడు వేల కిలోమీటర్లకు పైగా దూరం, మధ్యలో హిమాలయాలు. కాబట్టి కాగితం మీది హక్కుకూ, కదిలే సరుకుకూ మధ్య తేడా పెద్దదే.

విశాఖ నుంచి నేపాల్ సరిహద్దు పట్టణం బీర్‌గంజ్ దాదాపు 1,400 కిలోమీటర్లు. కోల్‌కతా నుంచి అందులో సగం. దూరం రెట్టింపయినా విశాఖ ఎందుకు? కోల్‌కతా నది రేవు. హుగ్లీ పూడిక వల్ల లోతు తక్కువ, పెద్ద కంటైనర్ ఓడలు రాలేవు. సింగపూర్‌లోనో కొలంబోలోనో సరుకు దించి చిన్న ఫీడర్ ఓడల్లో తేవాలి, ఆటుపోట్ల కోసం ఆగాలి. విశాఖ కంటైనర్ టెర్మినల్ దగ్గర లోతు సుమారు 15 మీటర్లు. పెద్ద ఓడ నేరుగా బెర్తుకు వస్తుంది. సముద్రంలో మిగిలిన రోజులు, తప్పిన దింపుడు ఖర్చు రైలు దారిలోని అదనపు దూరాన్ని పూడుస్తాయి.

2017లో మొదటి కంటైనర్లు కదిలాయి. 2019 నుంచి ఎలక్ట్రానిక్ కార్గో ట్రాకింగ్ పద్ధతి వచ్చింది. పెట్టెకు వేసిన సీలులోనే జాడ చెప్పే పరికరం ఉంటుంది. దారిలో ఎవరైనా తెరిస్తే వెంటనే తెలుస్తుంది. దాంతో రేవు దగ్గర కస్టమ్స్ కాగితాల పని చాలా వరకు తగ్గిపోయింది, బీర్‌గంజ్ డ్రైపోర్టు వరకు బాధ్యత ఓడ కంపెనీదే. కారిడార్ అంటే సిమెంటు, ఇనుము మాత్రమే కాదని చెప్పడానికి ఇది చక్కని రుజువు. ఒక సీలు, ఒక కాగితం మారితే రేవు పృష్ఠభూమి హిమాలయాల దాకా పెరిగింది.

ఇందులో ఒక చిక్కు ఉంది. నేపాల్ దిగుమతులతో పోలిస్తే ఎగుమతులు చాలా తక్కువ. నిండుగా వెళ్లిన రైళ్లలోని పెట్టెలు ఖాళీగా తిరిగి వస్తాయి. ఆ ఖాళీ ప్రయాణం కిరాయి కూడా చివరికి దిగుమతి సరుకు మీదే పడుతుంది. అటు నుంచి తెచ్చే సరుకు దొరికినప్పుడే ఈ దారి బలపడుతుంది.

వర్తమాన అంశంగా గుర్తుంచుకోవలసినవి రెండు. 2023 జూన్‌లో భారత్, నేపాల్ ట్రాన్సిట్ ఒప్పందాన్ని కొత్తగా సవరించి పొడిగించారు. 2025 నవంబరులో మరోసారి లేఖలు మార్చుకుని రైలు రవాణా నిబంధనలను మరింత సడలించారు; ఆ జాబితాలో విశాఖ, నౌతన్‌వా మార్గం కూడా ఉంది.

తీరం మీద పడే భారం

రేవు పెరిగిందన్న వార్త ఎప్పుడూ టన్నుల లెక్కలో వస్తుంది. ఆ లెక్కలో రాని వాటిని కూడా జవాబులో రాయాలి.

విశాఖ తీరంలో ఇసుక ఏడాది మొత్తం మీద చూస్తే దక్షిణం నుంచి ఉత్తరానికి జరుగుతుంది. నైరుతి గాలుల కాలంలో అలలు ఆ దిశగా తోస్తాయి. బయటి హార్బర్ అడ్డుగోడలు ఆ ప్రవాహానికి అడ్డం పడ్డాయి. దక్షిణాన ఇసుక పేరుకుంటుంది, ఉత్తరాన ఆర్కే బీచ్ కోతకు గురవుతుంది. పోర్టు వారు పేరుకున్న ఇసుకను డ్రెడ్జర్‌తో తీసి, గొట్టాల ద్వారా బీచ్ వైపు తిరిగి పోస్తుంటారు. తుపాను వచ్చిన ఏడాది అది కూడా చాలదు. సముద్రంలో కట్టే ప్రతి గోడకూ ఇలాంటి శాశ్వతమైన నిర్వహణ ఖర్చు ఉంటుంది. శంకుస్థాపన రోజు దాని మాట ఎవరూ ఎత్తరు.

దుమ్ము సంగతి పాత నగరం వాళ్లను అడగాలి. ఖనిజం, బొగ్గు ఆరుబయట గుట్టలుగా పోసినప్పుడు గాలి తిరిగితే ఇళ్ల కిటికీ చువ్వల మీద నల్లటి పొర. కప్పు వేసిన గిడ్డంగులు, కన్వేయర్లు, నీటి తుంపరలు పరిష్కారాలు; వాటికి ఖర్చవుతుంది, ఆ ఖర్చు సరుకు కిరాయిలో కలవాలి. కలపకపోతే పక్క వీధిలో పిల్లల ఊపిరితిత్తులు ఆ ఖర్చు భరిస్తాయి.

విశాఖ పక్కనున్న గంగవరం పోర్టు లోతు 20 మీటర్లకు దగ్గరగా ఉండి, అతి పెద్ద ఓడలకు పనికొస్తుంది. 2009లో మొదలైంది, 2021లో అదానీ సంస్థ చేతికి వచ్చింది. ఆ రేవు కోసం గంగవరం, దిబ్బపాలెం మత్స్యకారులు తమ తీరాన్ని వదులుకోవలసి వచ్చింది. పడవ దించే ఇసుక మేట, వల ఆరబెట్టే జాగా, ఎండు చేపల జాగా రెవెన్యూ రికార్డులో ఏ ఒక్కరి పేరునా ఉండవు. అందువల్ల భూసేకరణ పరిహారపు లెక్కలో అవి కనపడవు. ఊరంతా ఉమ్మడిగా వాడుకునే తీరానికి విలువ కట్టే పద్ధతి రాకుండా రేవుల విస్తరణ న్యాయంగా జరగదని నేను గట్టిగా నమ్ముతాను. పునరావాసం, జీవనోపాధి మీద ప్రశ్న వస్తే ఈ అంశాన్ని తప్పక రాయండి.

ఇతర తీరాల అనుభవం

పరీక్షకు ఎక్కువగా వచ్చేది చైనా, పాకిస్తాన్ ఆర్థిక కారిడార్. కష్గర్ నుంచి గ్వాదర్ వరకు సుమారు 3,000 కిలోమీటర్లు, 2015లో ఘనంగా ప్రకటించారు. పాక్ ఆక్రమిత ప్రాంతమైన గిల్గిత్, బాల్టిస్తాన్ మీదుగా పోతున్నందున భారత్ అభ్యంతరం చెబుతోంది. గ్వాదర్‌ను పాకిస్తాన్ 1958లో ఒమన్ నుంచి కొనుక్కుందన్న చిన్న సంగతి ప్రిలిమ్స్‌కు పనికొస్తుంది. స్థానిక కోణం చూస్తే, 2021లో అక్కడి మత్స్యకారులు, మహిళలు హక్కుల కోసం వారాల తరబడి రోడ్డెక్కారు. తాగునీరు, కరెంటు ఇవ్వండి, పెద్ద ట్రాలర్లను ఆపండి, చెక్‌పోస్టుల వేధింపు తగ్గించండి అన్నవి వాళ్ల కోరికలు. వేల కోట్ల డాలర్ల దారి చివర ఉన్న ఊరు మంచినీళ్లు అడిగింది.

శ్రీలంకలోని హంబన్‌తోట 2010లో ప్రారంభమై, 2017లో 112 కోట్ల డాలర్లకు 99 ఏళ్ల లీజు మీద చైనా కంపెనీకి వెళ్లింది. దీన్ని అప్పుల ఉచ్చు అన్న రెండు మాటలతో ముగించేయడం సరిపోదు. అంతర్జాతీయ ఓడల దారికి దగ్గరగా ఉన్నా, ఆ రేవు వెనుక సరుకు పుట్టించే పరిశ్రమ లేదు. కొలంబో సంగతి వేరు. అది ట్రాన్స్‌షిప్‌మెంట్ రేవు. వెనుక భూమి కంటే ముందున్న ఓడల రద్దీ మీద బతుకుతుంది. మన దేశం నుంచి అలా బయటి రేవులకు పోయే పనిని వెనక్కి తేవడానికే కేరళలో విళింజం కట్టారు, 2025 మేలో జాతికి అంకితం చేశారు. పృష్ఠభూమి సూత్రానికి మినహాయింపు అడిగితే కొలంబో, సింగపూర్, విళింజం పేర్లు రాయండి.

ఇరాన్‌లోని చాబహార్‌లో షహీద్ బెహెష్తీ టెర్మినల్‌ను 2018 చివర్లో భారత సంస్థ నడపడం మొదలుపెట్టింది. 2024 మే 13న పదేళ్ల ఒప్పందం కుదిరింది. కాని అమెరికా ఆంక్షల మినహాయింపు 2025లో రద్దయి, మళ్లీ తాత్కాలికంగా రావడంతో పెట్టుబడి పెట్టేవాళ్లకు ధైర్యం చాలలేదు. మయన్మార్‌లో కలదాన్ పథకం కింద మనం కట్టిన సిత్వే రేవు 2023 మేలో తెరుచుకున్నా, అక్కడి నుంచి మిజోరం చేరే దారి అంతర్యుద్ధంలో చిక్కుకుంది. రేవు తయారు, దారి లేదు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే బాగా గుర్తుంటాయి.

కొత్త కారిడార్లలో తెలుగు రేవుల చోటు

భారత్, మధ్యప్రాచ్యం, ఐరోపా కారిడార్‌ను 2023 సెప్టెంబరు 9న ఢిల్లీ జీ20 సమావేశంలో ప్రకటించారు. ఉత్తర, దక్షిణ అంతర్జాతీయ రవాణా కారిడార్ ఒప్పందం 2000లో భారత్, ఇరాన్, రష్యాల మధ్య కుదిరింది. పొడవు సుమారు 7,200 కిలోమీటర్లు. రెండూ పశ్చిమ తీరం నుంచి మొదలయ్యేవే. మహారాష్ట్రలోని వాఢవణ్ రేవుకు 2024 జూన్‌లో అనుమతి ఇస్తూ కేంద్రం ఈ రెండు కారిడార్ల పేర్లూ ప్రస్తావించింది. హైదరాబాద్ సనత్‌నగర్ డిపో నుంచి కంటైనర్లు రైలెక్కి ముంబయి పక్కనున్న నవా షేవాకు పోతున్నాయి. పశ్చిమ దారులు బలపడితే తెలంగాణ సరుకు మరింతగా అటే మొగ్గుతుంది. తూర్పు తీరం దీన్ని గమనించాలి.

తూర్పుకు దక్కగల అంతర్జాతీయ మార్గం చెన్నై, వ్లాదివోస్తోక్ సముద్ర కారిడార్. 2019 సెప్టెంబరులో సంకల్ప పత్రం మీద సంతకాలయ్యాయి. దూరం సుమారు 5,600 నాటికల్ మైళ్లు, ప్రయాణం 24 రోజులని అంచనా. ముంబయి, సెయింట్ పీటర్స్‌బర్గ్ పాత దారికి పట్టే సమయంతో పోలిస్తే సుమారు 16 రోజుల ఆదా. రష్యా బొగ్గు, ముడి చమురు, ఎరువులు మన తూర్పు రేవుల్లో దిగేవే కాబట్టి విశాఖ, గంగవరం, కృష్ణపట్నం రేవులకు సంబంధం ఉంది.

విశాఖ, చెన్నై పారిశ్రామిక కారిడార్ దేశం లోపలిదే అయినా ఆసియా అభివృద్ధి బ్యాంకు రుణంతో నడుస్తోంది, 2016లో 63.1 కోట్ల డాలర్ల సహాయానికి ఆ బ్యాంకు ఆమోదం తెలిపింది. తూర్పు తీర ఆర్థిక కారిడార్‌లో ఇది మొదటి దశ. రాయపూర్, విశాఖ ఆరు వరుసల రహదారి సుమారు 465 కిలోమీటర్లు. 1931 నాటి రైలు చేసిన పనినే కంటైనర్ లారీలతో మళ్లీ చేయబోతోంది.

రామాయపట్నం పనులకు 2022 జులైలో, మూలపేటకు 2023 ఏప్రిల్‌లో, మచిలీపట్నానికి 2023 మేలో శంకుస్థాపన జరిగింది. మచిలీపట్నం గురించి తెలంగాణ కూడా ఆసక్తిగా ఉంది. హైదరాబాద్ నుంచి ఆ రేవుకు కొత్త గ్రీన్‌ఫీల్డ్ రహదారి, డ్రైపోర్టు ప్రతిపాదనలు రాష్ట్ర ప్రభుత్వం ముందుకు తెచ్చింది. నా అభిప్రాయం చెప్పాలంటే, ఒకే తీరంలో దగ్గర దగ్గరగా రేవులు కడుతున్నప్పుడు ప్రతిదానికీ విడిగా సరుకు, రైలు దారి ఉన్నాయా అని ముందే తేల్చుకోవాలి. లేకుంటే ఒక రేవు సరుకును పక్క రేవు లాక్కోవడం తప్ప రాష్ట్రానికి అదనంగా వచ్చేది తక్కువ.

చట్టాలు, అంకెలు

ప్రధాన రేవులు రాజ్యాంగం ఏడో షెడ్యూలులో కేంద్ర జాబితా 27వ అంశం. మిగతావి ఉమ్మడి జాబితా 31వ అంశం. మనం చిన్న రేవులు అనేవి నిజానికి సరుకు పరిమాణంలో చిన్నవి కానక్కర్లేదు. కృష్ణపట్నం, గంగవరం ఆ కోవలోవే. తేడా పరిపాలనది మాత్రమే. ప్రధాన రేవులకు 2021 నాటి మేజర్ పోర్ట్ అథారిటీస్ చట్టం వర్తిస్తుంది, అది 1963 చట్టం స్థానంలో వచ్చింది. 1908 నాటి ఇండియన్ పోర్ట్స్ చట్టం బదులు 2025లో కొత్త చట్టం వచ్చింది.

సముద్రం లేని దేశాలకు తీరం చేరే హక్కు, ట్రాన్సిట్ స్వేచ్ఛ ఐక్యరాజ్య సమితి సముద్ర చట్ట ఒప్పందం 125వ అధికరణలో ఉన్నాయి. అయితే ఎలా, ఏ దారిన అన్నది రెండు దేశాలూ మాట్లాడుకుని తేల్చుకోవాలని అదే అధికరణ చెబుతుంది. నేపాల్‌తో విడిగా ఒప్పందం అవసరమైంది అందుకే.

తీరరేఖ అంకెలు మారాయి, ఇక్కడ చాలామంది మార్కు పోగొట్టుకుంటున్నారు. పాత లెక్కలో దేశ తీరం 7,516.6 కిలోమీటర్లు, ఆంధ్రప్రదేశ్ 973.7తో రాష్ట్రాల్లో రెండో స్థానం. వంపులన్నీ సూక్ష్మంగా కొలిచిన కొత్త లెక్కలో దేశ తీరం 11,098.81. గుజరాత్ 2,340.62, తమిళనాడు 1,068.69, ఆంధ్రప్రదేశ్ 1,053.07. అంటే ఇప్పుడు రాష్ట్రాల్లో ఆంధ్ర మూడో స్థానం. తీరం పెరగలేదు, కొలబద్ద చిన్నదైంది.

జవాబు ఎలా రాయాలి?

కారిడార్లు స్థానిక రేవులపై చూపే ప్రభావాన్ని చర్చించండి అని వస్తే లాభాలు ఐదు, నష్టాలు ఐదు అని రెండు పట్టికలు గీసి వదిలేయకండి. అలాంటి జవాబులు వందల్లో ఉంటాయి. ఒక రేవును తీసుకుని సరుకు ఎక్కడ పుట్టింది, ఏ దారిన వచ్చింది, ఏ ఓడ ఎక్కింది, ఊళ్లో ఏం మిగిల్చింది అనే వరుసలో రాయండి. విశాఖతో మొదలుపెట్టి, గ్వాదర్‌తోనో సిత్వేతోనో పోల్చి, నేపాల్ ఒప్పందంతో విధానపరమైన సూచనకు రండి. చిన్న పటం గీస్తే మంచిది: కిరండూల్, రాయపూర్, బీర్‌గంజ్ మూడు చుక్కలు, మూడు గీతలు విశాఖలో కలవాలి. గీయడానికి ఒక నిమిషం పడుతుంది.

సాధన కోసం మూడు ప్రశ్నలు. ఒకటి: కోల్‌కతా కంటే దూరమైనా విశాఖ నేపాల్‌కు ఎందుకు ఉపయోగకరం? ఖాళీ కంటైనర్ల సమస్యకు పరిష్కారాలు సూచించండి. రెండు: గోల్కొండ కాలపు మచిలీపట్నం పతనం నుంచి ఇప్పుడు కడుతున్న మచిలీపట్నం రేవు ఏం నేర్చుకోవాలి? మూడు: తీరాన్ని ఉమ్మడిగా వాడుకునే మత్స్యకారులకు భూసేకరణ పరిహారం ఎందుకు సరిగా అందడం లేదు? దిబ్బపాలెం, గ్వాదర్ అనుభవాల ఆధారంగా 250 పదాలలో రాయండి.